వినికిడి గదిలో కుర్చీ

ఫ్యాన్ల కంపెనీలో ఆవిడ అసలు పేరు హాజరు పట్టీకి తప్ప మరెవరికీ గుర్తులేదు. గేటు దగ్గర వాచ్‌మన్ నుంచి ఆఫీసులో మేనేజరు దాకా అందరికీ ఆవిడ చెవులమ్మే. మొహం మీదే అలా పిలిచేవారు, ఆవిడా పలికేది. ఆ పేరు వెనక ఇరవై తొమ్మిదేళ్ళ పని ఉంది కాబట్టి వెక్కిరింపులా అనిపించేది కాదు, కాస్త గర్వంగానే ఉండేది.

చెప్పుకోవడానికి ఆ పని చాలా చిన్నది. రెక్కలు బిగించకముందు ఫ్యాను మోటార్లు ఒక్కొక్కటే వినికిడి గదికి వస్తాయి. ఇనప స్టాండుకి తగిలించి స్విచ్చి వేసి, ఇరవై లెక్కపెట్టేంతసేపు వినాలి. బాగుంటే సుద్దముక్కతో ఒక గీత, బాగాలేకపోతే ఇంటూ. ఆవిడ దృష్టిలో మోటార్లకి ఉండే జబ్బులు మూడే. ఈల అంటే లోపల నూనె చాలలేదు. దగ్గు అంటే ఏదో తగులుతోంది. గురక మాత్రం గడుసుది. కొత్తలో వినీ వినపడనట్టు ఉండి, కొన్నవాళ్ళింట్లో ఆరు నెలలు తిరిగాక పక్కింటివాళ్ళ నిద్ర కూడా పాడుచేస్తుంది. దాన్ని పుట్టిన రోజే పట్టుకోగలిగేది కంపెనీ మొత్తానికి చెవులమ్మ ఒక్కతే.

గోడలకీ తలుపుకీ స్పాంజి పలకలు అతికించిన ఆ గదిలో గాలి ఆడదు. ఫ్యాన్లు తయారుచేసే చోట ఫ్యాను లేని గది అదొక్కటే. కానీ అందులో ఒక కుర్చీ ఉంది. షెడ్డులో మిగతా పనులన్నీ నిలబడి చేసేవే. మోకాళ్ళు అరిగి, మెట్లు చూస్తేనే ప్రాణం ఉసూరుమనే మనిషికి ఇంకా మూడేళ్ళ ఉద్యోగం మిగిలి ఉందంటే, ఆ కుర్చీ ఎంతటిదో నిలబడి పనిచేసినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

ఆ కుర్చీ ఆవిడకి ఊరికే రాలేదు. కొత్తలో తీగ చుట్టే మిషన్ల దగ్గర వేశారు. ఒకరోజు అప్పటి ముసలి ఫోర్‌మన్‌తో, "అయ్యా, అదిగో ఆ మూల మిషను ఇవాళో రేపో ఆగిపోతుంది, దాని గొంతు మారింది" అంది. ఆయన నవ్వేసి పోయాడు. మధ్యాహ్నానికి మిషను ఆగిపోయింది. మర్నాడు ఆయనే స్వయంగా తీసుకొచ్చి ఈ గదిలో కూర్చోబెట్టాడు. అప్పట్లో స్టాండు ఊగేది. "మోటారు కాళ్ళమీద పడుతుంది తల్లీ, ఎడం చేత్తో ఆ గొట్టం పట్టుకుని విను" అన్నాడు. తర్వాత స్టాండుని నేలకి బోల్టులతో బిగించారు, ఫోర్‌మనూ పోయాడు. చెయ్యి మాత్రం అక్కడే ఉండిపోయింది. చెప్పులు ఎక్కడ విప్పుతామో మనకి గుర్తుంటుందా ఏమిటి, ఇదీ అంతే.

చెవులమ్మకి ఒక నమ్మకం ఉండేది. వినడమంటే చెవి చేసే పని కాదని, లోపల ఎవరో కూర్చుని ఏరే పని అని. "బియ్యంలో రాళ్ళు ఏరేటప్పుడు బియ్యం కనపడకూడదు, రాళ్ళే కనపడాలి" అనేది పని నేర్చుకోవడానికి వచ్చిన ఆడపిల్లలతో. ఆ మాట నిజమే. లోకంలోని చప్పుళ్ళన్నిటినీ మనసు గుమ్మంలో నిలబెట్టి, నువ్వు రా, నువ్వు పో అని పంపించేస్తుంది. లోపలికి వచ్చినవాటినే మనం లోకం అనుకుంటాం. తిరిగి వెళ్ళిపోయినవాటి గురించి మనకి కబురు కూడా అందదు. ఇంత తెలిసిన మనిషి, గుమ్మం దగ్గర కూర్చున్నది ఎవరో ఒక్కసారైనా తొంగి చూసుకోలేదు. చూసుకునే ఓపిక ఎక్కడిది?

సాయంత్రానికి ఆవిడ బుర్ర పిండేసిన గుడ్డలా అయ్యేది. మూడొందల మోటార్లు విన్నాక మనుషుల మాట వినాలంటే విసుగు. బస్సులో కిటికీకి తల ఆనించి కళ్ళు మూసుకునేది. పక్కవాళ్ళు ఏం మాట్లాడుకుంటున్నారో ఆవిడకి పట్టేది కాదు, పట్టకపోవడమే సుఖమనుకునేది.

ఇంట్లో ఆయన దర్జీ. ముందు గదిలోనే మిషను వేసుకుని కుట్టేవాడు. పిల్లలు లేరు. మంచివాడే గానీ కొన్ని చాదస్తాలు ఉన్నాయని ఆవిడ ఫిర్యాదు. ఏ చిన్న మాట చెప్పాలన్నా పని ఆపి, లేచి, ఎదురుగా వచ్చి నిలబడి చెబుతాడు. "కొలతలు తీస్తున్నారా నాకు? అక్కడి నుంచే చెప్పచ్చుగా!" అని కసిరేది. ఆయన నవ్వి ఊరుకునేవాడు. ఇంకో చాదస్తం ఇంకా ఘోరం. కిటికీ పక్కన బంగారంలాంటి వెలుతురులో ఉండే మిషన్ని ఎనిమిదేళ్ళ కిందట తలుపు పక్కన చీకటి మూలకి ఈడ్చుకున్నాడు. "ఎవరైనా తలుపు తడితే దగ్గరగా ఉంటుందని" అన్నాడు. ఆ చీకట్లో సూదిలో దారం ఎక్కించీ ఎక్కించీ కళ్ళద్దాలు సీసా అడుగంత మందమయ్యాయి. ఆవిడ చెప్పి చెప్పి విసిగిపోయింది. మొండిమనిషి, వినడు.

ఆ వేసవిలో కంపెనీలో పాత స్టాండ్లు తీసేశారు. పైనుంచి ఎవరో వచ్చి చూసి, స్టాండు అదురుతుంటే వినేవాళ్ళకి ఇబ్బంది కదా అన్నారట. కొత్త స్టాండ్లు వచ్చాయి. గొట్టానికి అంగుళం మందాన రబ్బరు తొడుగు, మోటారు కింద రబ్బరు బిళ్ళ. చెవులమ్మ ఎడమ చెయ్యి రబ్బరు మీద వేసింది, మెత్తగా హాయిగా ఉందనుకుంది. మొదటి వారం మోటార్లన్నీ భలే బాగుంటున్నాయని సంబరపడింది కూడా.

నెల తిరక్కుండానే ఫ్యాన్లు వెనక్కి రావడం మొదలుపెట్టాయి. ప్రతి మోటారు మీదా ఆవిడ గీసిన సుద్దగీతే. ప్రతిదానిదీ అదే ఫిర్యాదు, గురక.

సూపర్‌వైజరుని అందరూ గడియారం అంటారు, మాటకి ముందొకసారి తర్వాతొకసారి చేతి గడియారం చూసుకుంటాడు కాబట్టి. వయసులో చెవులమ్మ కన్నా ఇరవై ఏళ్ళు చిన్న. చెడ్డవాడు కాదు. వచ్చి తలుపు దగ్గర నిలబడి నసిగాడు.

"అమ్మా, మిమ్మల్ని అనడానికి నోరు రావట్లేదు. పైవాళ్ళు ఊరుకోవట్లేదు. సోమవారం పది మోటార్లు పెడతాను. వాటిలో ఏవి మంచివో ఏవి కావో నాకు తెలుసు, మీకు చెప్పను. తొమ్మిదైనా కరెక్టుగా చెప్పాలి."

"చెప్పకపోతే?"

గడియారం గడియారం చూసుకున్నాడు. "ప్యాకింగు సెక్షన్‌లో ఒక ఖాళీ ఉందమ్మా."

ప్యాకింగంటే ఎనిమిది గంటలూ నిలబడి అట్టపెట్టెలు కట్టడం. మోకాళ్ళ సంగతి అలా ఉంచితే, అక్కడ ఇంకో ముల్లు ఉంది. పదకొండేళ్ళ కిందట పని నేర్చుకోవడానికి ఈ గదికి ముగ్గురు ఆడపిల్లలు ఒకరి తర్వాత ఒకరు వచ్చారు. ఒక్కరూ గురక పట్టలేకపోయారు. "చెవి పెట్టవే, చెవి పెట్టు!" అని ఆవిడ గొంతు చించుకునేది. చివరిదాన్నైతే నలుగురి ముందూ "ఇది ఒట్టి మొద్దుచెవి" అని ప్యాకింగుకి పంపించేసింది. ఆ పిల్ల పేరు ఆరోజు నుంచి మొద్దుచెవే అయిపోయింది. పెళ్ళయింది, తల్లయింది, ప్యాకింగులో అందరికంటే సీనియరయింది, పేరు మాత్రం పోలేదు. ఇప్పుడు పోయి దాని పక్కన నిలబడాలి.

ఆదివారమంతా ఆవిడ ఇంట్లో చప్పుళ్ళు వింటూ కూర్చుంది. కుళాయి విన్నది, కుట్టు మిషను విన్నది. అన్నీ వినపడుతున్నట్టే ఉన్నాయి. కుట్టు మిషను చప్పుడు ఎలా ఉండాలో ఆవిడకి ముప్ఫై ఏళ్ళుగా తెలుసు మరి. సూది పైకీ కిందకీ ఆడుతుంటే ఆ చప్పుడు దానంతటదే వచ్చి కూర్చునేది.

"నాకు చెవులు పోతున్నాయంటారా?" అనడిగింది.

ఆయన తొక్కడం ఆపాడు. లేచి ఎదురుగా వచ్చాడు. ఏదో అనబోయి, ఆగి, "అలిసిపోయావు. కాసేపు పడుకో" అన్నాడు.

సోమవారం పొద్దున పరీక్ష జరిగింది. పది మోటార్లు. ఆవిడ కళ్ళు మూసుకుని, ఊపిరి బిగబట్టి, ఇరవై బదులు నలభై లెక్కపెట్టి మరీ విన్నది. అన్నీ ఒకేలా, అన్నీ మంచి పిల్లల్లా తిరిగాయి. మూడింటికి ఇంటూ పెట్టింది, పెట్టాలి కదా అని పెట్టింది. గడియారం కాగితం చూసుకున్నాడు. పదింటిలో ఐదు సరిపోయాయి. బొమ్మా బొరుసూ వేసినా ఆపాటి వస్తాయి.

ఆవిడే సుద్దముక్క బల్లమీద పెట్టి లేచింది. కుర్చీని లోపలికి జరిపి మరీ వెళ్ళింది. ఏడుపు రాలేదు, ఏడవడానికి కూడా కొంత బలం కావాలి.

భోజనాల బెల్లు అయ్యాక కాళ్ళీడ్చుకుంటూ ప్యాకింగు షెడ్డుకి వెళ్ళింది. మొద్దుచెవి అట్టపెట్టెల గుట్ట వెనక నుంచి బయటికి వచ్చింది. ఎకసెక్కం చేస్తుందేమో అని చెవులమ్మ ముందే మొహం ముడుచుకుంది. ఆ పిల్ల అలాంటిదేమీ చేయలేదు.

"రా అక్కా. ఈ పక్కకి రా, ఇక్కడ గాలొస్తుంది" అంది.

పారేసిన పాత స్టాండ్లలో ఒకదాన్ని ప్యాకింగువాళ్ళు తెచ్చుకుని, పనికిరాని మోటారు ఒకటి బిగించి, రెక్కలు పెట్టుకుని ఎండాకాలం గట్టెక్కిస్తున్నారు. అది తిరుగుతోంది.

"గాలైతే ఇస్తుందిగానీ పొద్దస్తమానం ఒకటే గురక అక్కా, తల తినేస్తోంది" అంది మొద్దుచెవి, పెట్టె మడతపెడుతూ.

చెవులమ్మ ఆ పిల్ల పెదవుల వంకా ఫ్యాను వంకా మార్చి మార్చి చూసింది. ఆటపట్టిస్తోందా? దగ్గరికి వెళ్ళింది. వంగి, కుడి చెవి పెట్టింది, ఎడమ చెవి పెట్టింది. గాలి మొహానికి కొడుతోంది. గురక లేదు.

వంగినందుకు మోకాలు కలుక్కుమంది. పడిపోకుండా ఎడం చేత్తో గొట్టాన్ని పట్టుకుంది.

గురక వినపడింది.

నిజంగానే వినపడింది. ఎప్పటిలాగే చెవిలో, తల వెనక భాగాన, స్పష్టంగా. ఆవిడ చెయ్యి తీసింది. గురక పోయింది. మళ్ళీ పట్టుకుంది. వచ్చింది. తీసింది, పోయింది. పట్టుకుంది, వచ్చింది. ఎన్నిసార్లు అలా చేసిందో, మొద్దుచెవి వచ్చి భుజం మీద చెయ్యి వేసేదాకా ఆవిడకి స్పృహ లేదు.

"ఏంటక్కా? ఒంట్లో బాలేదా?"

"నీకు అక్కడి నుంచి... ఆ పెట్టెల దగ్గర నుంచి... ఇది వినపడుతోందా?"

"వినపడకేం? గేటు దాకా వినపడుతుంది."

చెవులమ్మ ఒక అట్టల కట్ట మీద కూలబడింది. ఎప్పుడు మొదలైందో గానీ, ఈ షెడ్డు రొదలో చెవులు మెల్లమెల్లగా తలుపులు మూసుకున్నాయి. లోపల కూర్చుని చప్పుళ్ళు ఏరే మనసు ఆ సంగతి ఆవిడకి చెప్పనే లేదు. అరచేతికి అందిన అదురుని తీసుకుని, ఇది చెవి పంపింది అని అబద్ధం చెప్పి అందించింది. పెదవులు కదలడం చూసి మాటలు వినపడినట్టు చేసింది. ఏళ్ళ తరబడి ఒక్క రోజు కూడా సెలవు పెట్టకుండా ఆ మోసాన్ని నమ్మకంగా చేసుకుంటూ వచ్చింది. రబ్బరు తొడుగు అడ్డం రాకపోతే ఇంకో మూడేళ్ళూ చేసేదే.

అసలు గురకంటూ చెవికి అందేది ఏనాడైనా ఉందా? మోటారు పుట్టిన రోజున గురక ఎవరి చెవికీ అందదు. అది చేతికే తెలుస్తుంది. ఆ ముగ్గురు ఆడపిల్లలకీ ఆవిడ చెవి పెట్టమని చెప్పింది గానీ చెయ్యి పెట్టమని చెప్పలేదు. తనకి తెలిస్తే కదా చెప్పడానికి! నిక్షేపంలాంటి చెవులున్న పిల్లని నలుగురి ముందూ మొద్దుచెవి అంది. ఆ పిల్ల ఎదురుగా నిలబడి, మంచినీళ్ళ సీసా మూత తీసి ఇస్తోంది.

ఆవిడకి సిగ్గేసింది. ఏ వయసులోనూ పడనంత సిగ్గు పడింది.

ఇద్దరూ కలిసి స్టాండు విప్పి వినికిడి గదికి మోసుకొచ్చారు. గడియారాన్ని పిలిచారు. పొద్దుటి పది మోటార్లనీ కలిపేసి మళ్ళీ పెట్టమంది చెవులమ్మ. పాత స్టాండు మీద చెయ్యి వేసి, పదికి పదీ చెప్పింది. చివరిదానికి ఐదు కూడా లెక్కపెట్టలేదు.

గడియారం నోరు వెళ్ళబెట్టాడు. "అయితే తప్పంతా ఈ కొత్త స్టాండ్లదే! రబ్బరు చప్పుడుని మింగేస్తోంది, అంతేనా అమ్మా?"

అవును అంటే చాలు. పాత స్టాండు తిరిగి వస్తుంది, కుర్చీ దక్కుతుంది, మూడేళ్ళు గడిచిపోతాయి. ఆ మాట ఆవిడ నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ మొద్దుచెవి తలుపు దగ్గర నిలబడి ఉంది. పదకొండేళ్ళ కిందట కూడా సరిగ్గా అక్కడే నిలబడింది.

"రబ్బరుది కాదు సార్. నాకు చెవుల్లేవు. ఎన్నాళ్ళ నుంచి లేవో నాకే తెలీదు. ఈ చెయ్యే ఇంతకాలం పని చేసింది" అని, తెరిచిన అరచెయ్యి చూపించింది. "ఈ పిల్లకి చెవులూ ఉన్నాయి, చేతులూ ఉన్నాయి. నేనే నేర్పడం చేతకాక పంపించేశాను. దీన్ని కూర్చోబెట్టండి."

గడియారం ఆ అరచేతి వంక చూశాడు. ఆవిడకి కనపడేలా నిలబడి, పెదవులు నెమ్మదిగా కదుపుతూ చెప్పాడు. అప్పుడే నేర్చేసుకున్నాడు. కాగితం మీద వినికిడి పరీక్ష అని ఉందనీ, చెవులు లేవని చెప్పాక తను ఆవిడ చేత సంతకం పెట్టించలేననీ. ఒక నెల నేర్పి, తర్వాత ప్యాకింగుకి వెళ్ళాలనీ.

"నీకు అసలు పేరు ఒకటుందిగా?" అని మొద్దుచెవిని అడిగింది చెవులమ్మ.

ఆ పిల్ల చెప్పింది. ఆవిడ రెండుసార్లు చెప్పించుకుంది, సరిగా పట్టుకోవాలని. తర్వాత ఆ పిల్ల ఎడమ చెయ్యి తీసుకుని గొట్టం మీద పెట్టింది. ఆ పిల్ల కళ్ళు పెద్దవయ్యాయి. "అక్కా, ఇదా? ఇదేనా నువ్వనేది?" అంది. చెవులమ్మ తల ఊపింది. ఆ పిల్ల కుర్చీలో కూర్చోనంది, ఈ నెలా నువ్వే కూర్చో అంది. వద్దనే ఓపిక కూడా లేక చెవులమ్మ కూర్చుంది.

సాయంత్రం ఇంటికి చేరేసరికి ఆయన తలుపు పక్కన చీకటి మూలలో, గుడ్డని కళ్ళద్దాలకి ఆనించుకుని కుడుతున్నాడు. ఆవిడ చెప్పులు విప్పి, సంచీ పెట్టి, గది మధ్యలో ఆయనకి వీపు పెట్టి నిలబడి కళ్ళు మూసుకుంది.

"ఏదైనా మాట్లాడండి" అంది.

వేచి ఉంది. ఇరవై లెక్కపెట్టింది. ఏమీ రాలేదు. కళ్ళు తెరిచి వెనక్కి తిరిగేసరికి ఆయన పెదవులు అప్పుడే ఆగుతున్నాయి.

ఆయన లేచి ఎదురుగా వచ్చాడు.

"మీకు తెలుసా?"

"తెలుసు."

"ఎప్పటి నుంచి?"

ఆయన కుట్టు మిషను వంక చూశాడు. ఆవిడా చూసింది. అది ఆ చీకటి మూలకి ఎప్పుడు వచ్చిందో ఆవిడకి బాగా గుర్తుంది. ఆ సంవత్సరమంతా దాని గురించి పోట్లాడింది కదా.

"ఎనిమిదేళ్ళు! నాకొక్క మాట చెప్పద్దూ?"

"చెప్పాను" అన్నాడాయన. "మొదటిరోజే చెప్పాను. నువ్వు గిన్నెలు తోముకుంటున్నావు. వెనక నిలబడి, నీకు వినపడటం లేదే అన్నాను. నువ్వు తోముకుంటూనే ఉన్నావు. ఎదురుగా వచ్చి చెబుదామనుకున్నాను. వచ్చాను కూడా. నీ మొహం చూశాక టీ చల్లారిపోతోంది అని చెప్పాను."

ఆవిడకి అప్పుడు ఏడుపు వచ్చింది. పొద్దుటి నుంచి రానిదంతా ఒక్కసారే వచ్చింది. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. అవి లేకుండా ఆయనకి ఆవిడ కనపడదు, ఆయన నోరు కనపడితే తప్ప ఆవిడకి ఆయన వినపడడు.

కాసేపటికి ఆవిడ మొహం కడుక్కుని వచ్చి మిషనుకి అటు చివర పట్టుకుంది. "పట్టండి అటు. కిటికీ దగ్గరికి."

"మరి తలుపు ఎవరైనా తడితే?"

"తీసే ఉంచుదాం" అంది. "వచ్చేవాళ్ళు ఎదురుగా వచ్చి నిలబడతారు."

ఇద్దరూ ఆగి ఆగి, మోకాళ్ళు పట్టుకుని, మిషన్ని వెలుతురులోకి జరిపారు.